ఇరవై థౌల సందు

పూతలపట్టు దాటి చిత్తూరు వైపు ఎక్కుడు మొదలయ్యే చోట నా కారు ఇంజిన్ పోయింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. ముందు పోతున్న గ్రానైట్ లారీని దాటడానికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. టర్బో ఈల వేసింది, బండి ముందుకు దూకింది, లారీ సగం వరకూ వచ్చాను. ఇంతలో ఇంజిన్ లోపల ఎవరో సుత్తితో ఒక్క దెబ్బ వేసినట్టు చప్పుడైంది. ఆ తర్వాత ఎంత తొక్కినా బండి ఊపందుకోలేదు. వణుకుతూ, దగ్గుతూ రోడ్డు పక్కకు చేరింది.

లారీ డ్రైవరు కొంచెం ముందర ఆపి, దిగి వచ్చాడు. నా బండి వెనక నుంచి ఇంకా లేస్తున్న నీలం పొగను చూసి, "ఏమ్మా, ఇంజిన్‌లో నూనె మండతాండాది. ఆపేయ్, మల్లా స్టార్టు చేయొద్దు" అన్నాడు. నేను చేయలేదు. చేయకూడదని నాకూ తెలుసు. నేను తిరుపతిలో ఒక కాలేజీ వర్క్‌షాపులో లేత్ పని, ఫిట్టింగ్ నేర్పిస్తాను. ఆ ఇంజిన్‌ను మూడు నెలల కింద నా చేతులతోనే విప్పి, నా చేతులతోనే బిగించాను.

ఆ కారు నేను మూడో చేతి మీద కొన్నది. పాత పెట్రోలు బండి, ఫ్యాక్టరీ నుంచే టర్బోతో వచ్చింది. టర్బో అంటే పొగగొట్టంలో పోయే వేడిగాలితో తిరిగి, ఇంజిన్ లోపలికి అదనంగా గాలిని తోసే చక్రం. ఎంత గాలి తోస్తే అంత పెట్రోలు మండుతుంది, అంత బలం వస్తుంది. కొంత పెద్ద టర్బో పెట్టి ఆ ఒత్తిడిని నేను దాదాపు రెట్టింపు చేశాను. ఎందుకని అడిగితే చెప్పడానికి గొప్ప కారణమేమీ లేదు. రోజూ కాలేజీకి పోయివచ్చే బండిలో అంత బలం నాకు అవసరం లేదు. కావాలనిపించింది. చేయగలననిపించింది. అంతే.

బండిని తాళ్ళతో లాగించి చిత్తూరులో ఒక బోరింగ్ షాపుకు చేర్చాను. సిలిండర్లను కోసి సరిచేసే పని అక్కడ ఒక పెద్దాయన చేస్తాడు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. లారీ ఇంజిన్లు, ట్రాక్టర్ ఇంజిన్లు ఆయన మిషన్ కింద ఎన్ని పోయాయో ఆయనకే లెక్క తెలియదు. అందరూ మేస్త్రీ అంటారు, నేనూ అలాగే పిలిచాను. సిలిండర్లను పైనుంచి మూసే హెడ్డు విప్పి చూస్తే మూడో సిలిండర్లో పిస్టన్ పై అంచు బొటనవేలంత వెడల్పున విరిగిపోయి ఉంది. గోడల మీద నిలువునా గీతలు.

మేస్త్రీ పిస్టన్‌ను బయటికి తీసి, రెండు ముక్కలైన పై రింగును నా చేతిలో పెట్టాడు. పిస్టన్‌కు గాజుల్లా మూడు రింగులుంటాయి. మంట ఒత్తిడి కిందికి జారకుండా, కింది నూనె పైకి ఎక్కకుండా సిలిండర్ గోడను పట్టుకుని ఉండేవి అవే. గాజుకు లేనిది రింగుకు ఒకటుంది. ఒకచోట తెగి ఉంటుంది. ఆ రెండు చివరల మధ్య సన్నటి సందు వదులుతారు, వేడికి రింగు సాగినప్పుడు ఆ సందులోకి సాగాలని.

నా చేతిలోని రింగు చివరలు రెండూ అద్దంలా మెరుస్తున్నాయి.

చూడగానే నాకు విషయం అర్థమైంది. వేడికి సాగి, సందు మూసుకుపోయి, చివరలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఇంక సాగడానికి చోటు లేక రింగు గోడను కరుచుకుంది, పిస్టన్ అంచును విరిచింది. ఆ సందు పన్నెండు థౌలు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మామూలు ఇంజిన్‌కు పుస్తకంలో రాసిన కొలత అది. ఒత్తిడి రెట్టింపు చేసినదాన్ని, కొలత మాత్రం పుస్తకంలోది అలాగే వదిలేశాను. రింగులు డబ్బాలోంచి తీసి, ఒకసారి కొలిచి, సరిపోయాయని సంతోషపడి ఎక్కించాను. తప్పు ఎవరి మీదికీ తోయడానికి వీల్లేదు.

ఆ సాయంత్రం నగరికి ఫోన్ చేశాను. నాయనకు అక్కడ మరమగ్గాల షెడ్డు ఉంది. జరిగినదంతా విని, "నీకేం కాలేదు గదా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత, "చాలు పాపా. ఆ బండిని కంపెనీ వాడు చేసినట్టే పెట్టుకో. వాడికి తెలీకనా ఆడికి ఆపినాడు?" అన్నాడు.

"వాడు పెట్టిన లెక్క తప్పు కాదు నాయనా. నేను మార్చింది సగమే మార్చినాను. మిగిలిన సగం మారుస్తా."

"నీ ఇష్టం" అన్నాడు, మగ్గాల చప్పుడు మీదుగా. ఆయన ఆ మాటను ఒప్పుకున్నప్పుడూ అంటాడు, ఒప్పుకోనప్పుడూ అంటాడు.

కాలేజీకి సెలవులు. పది రోజులు కూర్చుని రింగుల గురించి దొరికినదంతా చదివాను. రింగు దేనితో చేయాలి, పైన ఏ పూత ఉండాలి, ఎంత మందం, ఎంత బిగువు, ఎంత సందు. ఇంత చిన్న వస్తువులో ఇన్ని నిర్ణయాలు ఉంటాయని అంతకు ముందు నాకు నిజంగా తెలియదు. ఫోర్జింగ్ చేసిన, అంటే అచ్చులో నొక్కి గట్టిపరచిన, కొత్త పిస్టన్లు తెప్పించాను. రింగులు పోటీ బండ్లకు వాడేవి ఎంచుకున్నాను. సన్నటివి, మీద గట్టి క్రోమ్ పూత, అడుగున నూనె గీకే రింగు తక్కువ బిగువుది. బిగువు తక్కువైతే రాపిడి తక్కువ, రాపిడి తక్కువైతే బలం ఎక్కువ. కాగితం మీద అంతా చక్కగా ఉంది.

వాటిని తీసుకుని చిత్తూరు పోయి, పై రింగుకు ఇరవై థౌలు, రెండోదానికి ఇరవై రెండు వదలాలని చెప్పాను. మేస్త్రీ చేతిలో పని ఆపాడు.

"ఇరవయ్యా? దాంట్లో దోమ దూరుతుంది గదమ్మా. కంప్రెషన్ యాడ నిలబడుతుంది?"

"చల్లగా ఉన్నప్పుడే ఇరవై మేస్త్రీ. మంట మీద అంత ఉండదు."

"యాభై ఏండ్లుగా చేస్తాండా. టర్బో లారీలు శానా చూసినా. సందు ఎంత తక్కువుంటే ఇంజిన్ అంత గట్టిగా ఉంటాది."

మాటలతో తేలేది కాదని అర్థమైంది. మూల పడి ఉన్న ఒక పాత లైనరు, అంటే సిలిండర్ గొట్టం, బెంచీ మీదికి ఎత్తాను. దాదాపు నా ఇంజిన్ కొలతదే. పాత రింగు ఒకటి అందులో దింపి, సందును పన్నెండు థౌలకు తెచ్చాను. ఆ మందమున్న గేజి రేకును ఆయనతోనే సందులో పెట్టించాను. హాయిగా దూరింది. తర్వాత గ్యాస్ టార్చ్ వెలిగించి రింగు చుట్టూ తిప్పాను. ఒక నిమిషం పట్టింది. "ఇప్పుడు పెట్టు మేస్త్రీ" అన్నాను. పన్నెండు పట్టలేదు. ఎనిమిది పట్టలేదు. ఇంకొంచెం వేడి చేస్తే రేకు అవసరమే లేకపోయింది, చివరలు ఆనుకోవడం కంటికే కనిపించింది. ఆపైన రింగు ఒకవైపు గోడ నుంచి చిన్నగా లేచి వంగింది.

మేస్త్రీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "లైనరు చల్లగా ఉండాది గదా? ఇంజిన్లో లైనరు కూడా వేడెక్కి సాగుతుంది."

మంచి ప్రశ్న. రాత్రంతా నేనూ దాన్ని గురించే ఆలోచించాను. "సాగుతుంది. కానీ దాని వెనక నీళ్ళు తిరగతాంటాయి. రింగు వెనక నీళ్ళు లేవు. మంట పక్కనే ఉండాది. ఒత్తిడి పెంచితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అందులో మన ఎండలు."

ఆయన గేజి రేకును బెంచీ మీద పెట్టేశాడు. "సరే. ఇరవై పెట్టు" అన్నాడు. ఆ వెంటనే నా రింగుల డబ్బా అందుకుని, నూనె రింగును రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. "ఒక మాట చెప్పమ్మా. ఇది రోడ్డు మీద తిరిగే బండా, పందెం బండా?"

"రోడ్డు మీద తిరిగేదే."

"అయితే ఇది యాలా? దీంట్లో బిగువు లేదు. సిగ్నల్ కాడ నిలబడితే నూనె పైకెక్కుతుంది. ఇంకొకటి. క్రోమ్ గట్టిది. గోడ రొంత గరుగ్గా ఉంటేనే అది కుదురుకుంటుంది. గోడ రుద్దను నా దగ్గరుండే రాళ్ళు నున్నగా తీస్తాయి. ఈ రెండింటికీ పొత్తు కుదరదు."

అప్పుడే నేను ఒక వాదన గెలిచి ఉన్నాను. గెలిచిన ఊపులో రెండోది వినలేదు. ఇదే పెడదామన్నాను. ఆయన భుజాలు ఎగరేసి మిషన్ దగ్గరికి పోయాడు.

బండి కదిలింది. సందుల విషయంలో నేను చెప్పింది నిజమైంది. ఒత్తిడి పెంచి, ఎండలో ఎక్కుడు మీద ఎంత తొక్కినా ఏమీ విరగలేదు. కానీ అలిపిరి దగ్గర కొండ బస్సుల వెనక పది నిమిషాలు నిలబడి కదిలితే చాలు, వెనకున్న స్కూటర్ల వాళ్ళు ముక్కులు మూసుకునేవాళ్ళు. నీలం పొగ. వారానికొకసారి నూనె పోయాల్సి వచ్చింది. కుదురుకుంటుందిలే అని రెండు నెలలు చూశాను. ఒకరోజు శ్రీకాళహస్తి పోయి వచ్చేసరికి నూనె మట్టం చూసే ఆయిల్ పుల్ల అడుగున తడి కూడా లేదు. ఇంటి ముందు బానెట్ ఎత్తి, ఆ పుల్ల చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. మళ్ళీ విప్పాలి. మళ్ళీ చిత్తూరు పోవాలి. ఆయన వద్దన్నదే పెట్టి, అది ఆయన చెప్పినట్టే చెడిందని ఆయన ఎదుటే ఒప్పుకోవాలి. మొదటి రెండింటికన్నా మూడోది కష్టమనిపించింది.

పోయాను. "నువ్వు చెప్పినట్టే అయింది మేస్త్రీ" అన్నాను షాపు గడపలోనే, లోపలికి పోతే మాట మారుస్తానేమోనని.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "బిన్నా విప్పు, పొద్దు పోకముందే చూస్తాం" అన్నాడు.

విప్పితే నూనె రింగు సంగతి తెలిసిందే. తెలియనిది ఇంకొకటి బయటపడింది. సిలిండర్ గోడ పైభాగంలో నాలుగు చోట్ల మెరుపు మచ్చలు, వాటి మధ్య రింగు ఆననే ఆనని మసక చోట్లు. మేస్త్రీ చూపుడు వేలు లోపల పెట్టి గుండ్రంగా తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఈడ లోపలికి వచ్చిండాది... ఈడ బయటికి పోయిండాది... మల్లా ఈడ." లెక్కపెడితే సరిగ్గా హెడ్డు బోల్టులు ఉండే నాలుగు చోట్లే.

"హెడ్డు బిగించినాక గోడ వంకర పోతాంది" అన్నాను. "మనం గుండ్రంగా తీసేది హెడ్డు లేనప్పుడు గదా."

"అయితే హెడ్డు బిగించి తీయాల. హెడ్డు బిగిస్తే రాయి యాడనుంచి దింపేది?"

దానికి దారి ఉందని చదివాను. హెడ్డు బదులు మందపాటి ఉక్కు పలక, సిలిండర్ల మీద రంధ్రాలు ఉన్నది. దాన్ని హెడ్డంత బిగువుతో బ్లాకు మీద బిగించి, ఆ రంధ్రాల్లోంచి రాయిని దింపి గోడ తీయడం. మేస్త్రీ అంతకు ముందు అలా ఎప్పుడూ చేయలేదు. నా ఇంజిన్‌కు అలాంటి పలక ఎక్కడా దొరకదు. పాత ఇనుము మండీలో రెండు అంగుళాల మందం ముక్క వెతికి పట్టుకుని, ప్రిన్సిపాల్ దగ్గర అనుమతి తీసుకుని, కాలేజీ మిషన్ల మీద వారం రోజులు కోశాను. ఒక బోల్టు రంధ్రం తప్పు పోయింది. మళ్ళీ ఇంకో ముక్క. రెండోసారి అన్నీ కుదిరాయి.

ఈసారి రింగులు ఎంచేటప్పుడు ఎదురెదురుగా కూర్చున్నాం, ఆయనా నేనూ, ఒక టీ బల్ల మీద. నేను చదివింది నేను చెప్పాను, ఆయన చూసింది ఆయన చెప్పాడు. పై రింగు పోత ఇనుముది వద్దు, పెట్రోలు ఒక్కసారి అదుపు తప్పి పేలితే పెళుసుగా విరుగుతుంది. పైపొర గట్టిపరచిన ఉక్కుది కావాలి. మరీ సన్నటిది వద్దు, ఏండ్ల తరబడి తిరగాలి. రెండో రింగు నూనెను కొక్కెంలా కిందికి లాగే అంచున్న మామూలు ఇనుముది చాలు, అక్కడ అంత వేడి ఉండదు. దాని సందు పైదానికన్నా కొంచెం ఎక్కువే ఉండాలి, లేకపోతే పైనుంచి జారిన గాలి రెండింటి మధ్య ఇరుక్కుని పై రింగును ఎగరేస్తుంది. నూనె రింగు పూర్తి బిగువుది. దీనికోసం పోయే కొంచెం బలం పోనీ.

"పోనీ అంటాండావే!" అన్నాడు మేస్త్రీ. అప్పుడు మాత్రం నవ్వాడు.

గోడలు తీశాక ఎంత కొలత వస్తుందో అంతకే మేస్త్రీ కోసి ఇచ్చిన లైనరు ముక్క తెచ్చుకుని, రింగుల చివరలు ఆకురాయితో అరగదీసి సందు తెచ్చే పని ఇంట్లో పెట్టుకున్నాను. పైవి నాలుగు, రెండోవి నాలుగు. పని తెలిసిన వాళ్ళు కూడా ఇక్కడే తొందరపడతారు. బయటి అంచు నుంచి లోపలికే గీయాలి, నాలుగుసార్లు గీసి ఆ లైనరులో దింపి కొలవాలి, మళ్ళీ తీసి గీయాలి. ఒక్కసారి ఎక్కువ గీస్తే ఆ రింగు పారేయడమే. ఆ ఆదివారం నాయన ఏదో పెళ్ళికని తిరుపతి వచ్చి, మా ఇంటికి వచ్చాడు. కాసేపు చూశాడు. అరగదీసి పక్కన పెట్టిన రింగు ఒకటి తీసుకుని దాని చివర మీద బొటనవేలు ఆనించాడు.

"ఈడ గీసుకుంటాండాది పాపా."

నేను తుడిచి, కొలిచి, సరే అనుకుని పెట్టిందది. భూతద్దం పెట్టి చూస్తే నిజమే, వెంట్రుకలో సగం లేని ముల్లు ఒకటి అంచున నిలబడి ఉంది. అలాగే ఎక్కించి ఉంటే గోడ మీద గీత గీసేది.

"ఎట్ల తెలిసింది నాయనా?"

"మగ్గంలో పోతా వస్తా ఉండే నాడెకు ఇంత ముల్లుంటే చాలు, నూలు తెగుతుంది. పొద్దున్నే లేచి తడిమి చూసేది అదే గదా" అన్నాడు, అదేదో అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు. ఆ తర్వాత పెళ్ళికి వేసుకొచ్చిన తెల్లచొక్కా చేతులు మడిచి, నా పక్కన కూర్చున్నాడు. నేను గీసిన ప్రతి రింగూ ఆయన వేలి కిందుగా పోయింది. ఎనిమిదింట్లో మూడింటిని వెనక్కి ఇచ్చాడు. బండిని అమ్మేయమని గానీ, కంపెనీ వాడి మాట గానీ ఆ రోజు ఎత్తలేదు. పెళ్ళి భోజనానికి ఆలస్యంగా పోయాడు.

పలక బిగించి గోడలు తీసిన రోజు చిత్తూరు షాపులో పక్క షెడ్ల మేస్త్రీలు నలుగురైదుగురు చేరారు. ఇదేం కొత్త పని అని ఒకాయన అడిగితే, "చూస్తాండు, తెలుస్తుంది" అన్నాడు మా మేస్త్రీ. పని అయ్యాక పలక తీయకుండానే వేలు లోపల పెట్టి తిప్పాడు. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి. చెయ్యి తుడుచుకుని నా వైపు తల ఊపాడు.

ఇంజిన్ ఎక్కించి స్టార్ట్ చేశాక ఊరికే ఒకచోట నిలిపి తిప్పలేదు. కొత్త రింగులు గోడతో కుదురుకోవాలంటే మొదటి గంటలోనే వాటి మీద ఒత్తిడి పడాలి. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని చిత్తూరు నుంచి పూతలపట్టు దాకా పోయాం. ఓ మోస్తరుగా తొక్కడం, కాలు పూర్తిగా తీసేసి బండిని దానంతటదే నెమ్మదించనివ్వడం, మళ్ళీ తొక్కడం. ఇరవై, ముప్పై సార్లు. వచ్చేటప్పుడు ఎక్కుడు వచ్చింది. అది నాకు బాగా గుర్తున్న ఎక్కుడే. కాలు కొంచెం వెనక్కి వచ్చింది, నాకు తెలియకుండానే.

"తొక్కమ్మా" అన్నాడు ఆయన.

తొక్కాను. బండి ఎక్కింది. ఆయన తల కిటికీలోంచి బయటపెట్టి వెనక్కి చూస్తూ కూర్చున్నాడు. పైకి చేరాక తల లోపలికి తెచ్చుకుని, గాలికి చెదిరిన వెంట్రుకలు సర్దుకుని, "ఏమీ లేదు. గాలే" అన్నాడు.

ఇది జరిగి రెండు వేసవులు దాటాయి. రోజూ కాలేజీకి అదే బండి. నెలకోసారి నగరి, అప్పుడప్పుడూ కొండ మీదికి. నూనె మార్చే రోజు వరకూ మధ్యలో పోయాల్సిన అవసరం రావడం లేదు. ఒత్తిడి ఇంకా పెంచవచ్చని నాకు తెలుసు. ఒక రోజు లెక్క కూడా వేశాను. ఆ పెంచినదానికి పై రింగుకు ఇంకో రెండు థౌలు వదలాలి, బహుశా పెట్రోలు పంపు మార్చాలి. కాగితం మడిచి పనిముట్ల పెట్టెలో పెట్టాను. కోరిక లేక కాదు. ఈసారి మార్చితే మొత్తం మార్చాలి, సగం కాదు. దానికి వచ్చే సెలవులు సరిపోతాయా అని చూస్తున్నాను.